ఎగుడుదిగుడు కౌంట్ డేటా, బేజియన్ మిక్స్చర్: ఎన్ని భాగాలు పెట్టినా ఎందుకు కుదరదు?

మీ డేటాలో మూడో వంతు సున్నాలు, 3 దగ్గర ఒక గుట్ట, 40 దగ్గర ఇంకో గుట్ట, పైన పొడవాటి తోక. మూడు పాయిజాన్‌ల (లెక్కలకు వాడే, సగటు ఒక్కదానితోనే తేలిపోయే పంపిణీ) మిక్స్చర్‌ని, అంటే వాటి కలయికని, బేజియన్ మోడళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ స్టాన్‌లో నడిపితే ఆర్-హ్యాట్ (చైన్‌లు ఎంత కలిశాయో చెప్పే కొలత) దిగడం లేదు, ఒక్కో చైన్ (విడివిడిగా నడిచే శాంపిలింగ్ పరుగు) ఒక్కో జవాబు చెబుతోంది అన్నారు.

చైన్‌లు కలవకపోవడం చిన్న చిక్కే. భాగాల పేర్లు అటూఇటూ మార్చినా లైక్లీహుడ్ (ఆ విలువలతో ఈ డేటా రావడానికి ఉన్న అవకాశం) మారదు కాబట్టి ఒకే జవాబు ఆరు రూపాల్లో కనిపిస్తుంది. లాగ్ రేట్లను (భాగాల సగటుల లాగ్‌లను) ఆర్డర్డ్ వెక్టర్‌గా, అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలోనే ఉండేలా ప్రకటిస్తే, గుట్టలు ఇంత దూరంగా ఉన్నప్పుడు, చాలావరకు సర్దుకుంటుంది.

అసలు తంటా పాయిజాన్‌తోనే. సగటు 40 అయితే దాని స్టాండర్డ్ డీవియేషన్ 6.3 మాత్రమే. మీ రెండో గుట్ట 20 నుంచి 80 దాకా పరుచుకుని ఉంటే ఒక్క పాయిజాన్ దాన్ని కప్పలేదు. మోడల్ ఇంకో భాగం అడుగుతుంది, మీరు ఇస్తారు, మళ్లీ అడుగుతుంది. ఒక సపోర్ట్ టీమ్‌కి రోజూ వచ్చే ఫిర్యాదుల లెక్క మీద పనిచేసినప్పుడు నేనూ ఇదే చూశాను. భాగాలను పాయిజాన్ కన్నా వెడల్పుగా పరుచుకోగల నెగెటివ్ బైనోమియల్‌కి మార్చాక రెండు గుట్టలకు రెండే సరిపోయాయి. దాని వేరియన్స్ అంటే సగటు, దానికి తోడు సగటు వర్గాన్ని ఫైతో (ఆ వెడల్పును నియంత్రించే పరామితి) భాగించగా వచ్చేది. ఫై 5 అయితే 40 దగ్గర స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 19. తోక అందులోనే ఇమిడిపోవచ్చు.

అలాగని ఫైని గాలికి వదలకండి. అది బాగా చిన్నదైతే ఒక్క భాగమే సున్నాలనూ తోకనూ కలిపి మింగేస్తుంది. ఒకటిని ఫై వర్గమూలంతో భాగించి, ఆ విలువ మీద హాఫ్-నార్మల్ ప్రయర్ (డేటా చూడకముందు పెట్టుకునే అంచనా, ఇక్కడ సున్నా దగ్గరే ఎక్కువ బరువు ఉండేది) పెట్టండి. డేటా గట్టిగా అడగనంతవరకు అది భాగాన్ని పాయిజాన్ వైపే లాగుతుంది.

ఇక సున్నాలు. సగటు 3 ఉన్న పాయిజాన్ నుంచి వచ్చే సున్నాలు 5 శాతమే, కాబట్టి మీవి వేరే దారిలో వస్తున్నట్టే. విడిగా సున్నా భాగం పెట్టేముందు అవి ఏ రోజులో డేటా ఇచ్చినవాళ్లను అడగండి. మా దగ్గర చాలావరకు సెలవు రోజులే! క్యాలెండర్‌లో ఉన్నదాన్ని మిక్స్చర్‌తో ఊహించడం దండగ, వాటిని ముందే పక్కన పెట్టాం.

సరిపోయిందో లేదో సగటుతో తేల్చకండి, సగటు ఎలాగూ కలుస్తుంది. పోస్టీరియర్ (డేటా చూశాక మోడల్ ఇచ్చే అంచనా) నుంచి నకిలీ డేటాసెట్లు తీసి సున్నాల వాటా, గరిష్ఠ విలువ, రెండు గుట్టల మధ్య 10 నుంచి 20 లోపు పడే వాటా పోల్చండి. నాకైతే మోడల్ ఎక్కువగా దొరికిపోయేది ఆ మధ్య పల్లం దగ్గరే.