రక్తపిశాచుల సీరియల్ చూస్తే జీతం ఇస్తారా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల దుకాణం. మా అమ్మాయి కడపలో బీఏ ఇంగ్లిష్ చివరి ఏడాది చదువుతోంది. ‘ట్రూ బ్లడ్’ అనే అమెరికా పిశాచాల సీరియల్ చూస్తూ, అందులో రాజకీయం ఉందంటూ నోటు పుస్తకాలు నింపుతోంది. బీఎడ్ చేయమంటే మీడియాలో ఎంఏ చేస్తానంటోంది. దీనికి జీతం ఇచ్చేవాళ్లు ఉన్నారా?

జవాబు: చూసినందుకు ఎవరూ ఇవ్వరండీ. నోటు పుస్తకాలు నింపుతోందన్నారే, నేను ఆగింది అక్కడ.

రాజకీయం ఉందన్న మాట నిజమే. 2008 నుంచి 2014 వరకు హెచ్‌బీఓ అనే అమెరికా టీవీ చానెల్‌లో ఏడు సీజన్లు నడిచిన కథ అది. జపాన్‌లో కృత్రిమ రక్తం తయారయ్యాక పిశాచాలు దాక్కోవడం మాని మనుషుల మధ్యకు వస్తాయి. సమాన హక్కుల కోసం రాజ్యాంగ సవరణ కోరతాయి. లూసియానాలోని ఒక చిన్న ఊళ్లో కొందరు వాటితో స్నేహం చేస్తారు, కొందరు దేవుడి పేరు చెప్పి తరుముతారు. స్వలింగ సంపర్కుల హక్కులపై అమెరికాలో జరిగిన గొడవ అందులో తెలిసిపోతూనే ఉంటుంది. అయితే ఒక పేచీ ఉంది. పిశాచాలు నిజంగానే మనుషుల్ని చంపుతాయి. హక్కులడిగే మనుషుల్ని వాటితో పోలిస్తే, వాళ్లను చూసి భయపడేవారిదే న్యాయమన్నట్టు అవుతుంది కదా? దీనికి మీ అమ్మాయి ఏం రాసిందో అడగండి. నాలుగు పేజీల వాదన కనిపిస్తే బీఎడ్ మాట పక్కన పెట్టండి. వట్టి కథే రాసుకుని ఉంటే మీతో నేనూ ఏకీభవిస్తాను.

మన సీరియళ్లలో దయ్యం ఎక్కువగా కోడలికే పడుతుంది. మామగారికి పట్టగా నేను చూడలేదు. ఎందుకో ఆమె రాయగలిగితే అమెరికా పిశాచాల కన్నా మంచి పరిశోధనాంశం అది.

ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం చూడండి. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. తర్వాత యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్, వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతాయి. రాకపోతే సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ అనువాదం, స్క్రిప్టు పనులు ఉన్నాయి. అవి ఎక్కువగా హైదరాబాద్‌లోనే దొరుకుతాయి, మొదట్లో డబ్బు ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. వ్యాపారం చేసేవారు కనుక ముందే చెబుతున్నాను. బీఎడ్ ఎంఏ తర్వాతైనా చేయవచ్చు.

సీయూఈటీ పీజీ దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరిలో మొదలవుతాయి. ఆలోగా ఒక ఎపిసోడ్ మీద తెలుగులో రెండు పేజీలు రాసి, దుకాణం కట్టేశాక మీకు చదివి వినిపించమనండి. అర్థం కాని చోట ఆపి అడగండి.