ఆయన ఆదివారాలు, మీ ఆరు రోజులు

ప్రశ్న: మా పెళ్లయి 16 ఏళ్లయింది. కాపురం మొదలుపెట్టిన నగరానికి ఈమధ్య ఇద్దరమే వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చాం. అప్పట్లో ఆదివారం పూట తిరిగిన హోటళ్లు, మ్యూజియం, నాటకశాల అన్నీ మావారు గంటల వారీగా రాసుకుని మరీ తిప్పారు. మాకు ఎంతో ఇష్టమైన హోటల్లో “ఇదివరకటి రుచి లేదు” అన్నాను. ఆ పూటంతా ఆయన నాతో మాట్లాడలేదు. వచ్చే నెల మళ్లీ అక్కడికే వెళదాం, ఈసారి సరిగ్గా చూద్దాం అంటున్నారు. నాకు ఇష్టం లేదు. నిజానికి ఆ ఊళ్లో ఉన్న మూడేళ్లూ నేను సంతోషంగా లేను. తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రోజూ సాయంత్రం బస్టాపు ఎదుటి పార్కులో కూర్చుని ఆయన కోసం ఎదురుచూసేదాన్ని. ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఏదైనా సాకు చెప్పి తప్పించుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ నెలకు సాకు దొరుకుతుంది, పై నెలకు ఆయన మరో తేదీ చెబుతారు, అప్పుడు మరో సాకు వెతుక్కోవాలి. పైగా మీ ఉత్తరంలో హోటల్ గురించి రాసినదంతా పైపై మాట అని, అసలు విషయాన్ని చివరి నాలుగైదు వాక్యాల్లో ఇరికించారని నాకు అనిపించింది.

ఆ నగరం అనగానే ఆయనకు ఆదివారాలు గుర్తొస్తాయి, మీకు మిగతా ఆరు రోజులు గుర్తొస్తాయి. ఇద్దరి జ్ఞాపకాలూ నిజమే. వాసన మెదడులో భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలను చాలా దగ్గరి దారిలో చేరుతుంది కాబట్టి, పాత వంటకం వాసన తగలగానే పాత రోజులు తన్నుకుని వస్తాయి. కానీ ఒకే బల్ల దగ్గర ఒకే పదార్థం తిన్న ఇద్దరికీ ఒకే రోజులు గుర్తుకు రావాలని లేదు. మీరు రుచి లేదన్నది వంట గురించే కావచ్చు. ఎదురుగా కూర్చుని, తాను తినడం మానేసి మీ ముఖం వంకే చూస్తున్న మనిషికి మాత్రం “మన తొలి రోజుల్లో ఏముంది” అన్నట్లు వినిపించి ఉంటుందని నా ఊహ.

ఇందులో ఆయన పొరపాటు లేకపోలేదు. విహారానికి వెళ్లి గంటల పట్టిక పెట్టుకోవడం నాకైతే పరీక్షల కాలాన్ని గుర్తుకు తెస్తుంది. అయితే 16 ఏళ్లపాటు సగం కథే తెలిసిన మనిషి ఆ సగాన్నే అపురూపంగా దాచుకున్నారంటే ఆయన్ని తప్పుపట్టలేం. మిగిలిన సగం మీ దగ్గరే ఉండిపోయింది.

అందుకని టిక్కెట్లు తీసుకోకముందే, ఇంట్లోనే, ఇద్దరూ తీరికగా ఉన్న పూట చెప్పండి. ప్రయాణంలోనో హోటల్ బల్ల దగ్గరో వద్దు. అక్కడ చెబితే ఆయనకు లేచి నాలుగడుగులు వేసే వీలు కూడా ఉండదు. మొదలు మాత్రం ఆదివారాలతోనే పెట్టండి: “ఆ ఆదివారం కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని, ఎందుకంటే మిగతా రోజులు నాకు చాలా ఒంటరిగా ఉండేవి.” ఇందులో అబద్ధం లేదు, నింద లేదు. “అప్పుడే ఎందుకు చెప్పలేదు” అని ఆయన తప్పక అడుగుతారు. చెప్పడం చేతకాలేదని ఒప్పుకోండి, అంతకు మించి వాదించకండి. ఈ సందు చూసుకుని 16 ఏళ్ల పద్దులన్నీ బయటికి తీయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆయన మౌనంగా ఉండిపోతే ఒకటి రెండు రోజులు ఆగండి. మీరు వర్ణించిన మనిషి మౌనం అలకలా కనిపించినా ఎక్కువగా దెబ్బ తగిలినప్పటి మౌనమే.

చెప్పిన తరువాత కూడా వెళ్లాలనిపించకపోతే, మరో ఊరు వెళదామని సూటిగా అనండి. వెళ్లాలనిపిస్తే మాత్రం ఆ పట్టికను సగానికి కోయండి. మ్యూజియంలో వచ్చే అలసట గురించి 1916లోనే బెంజమిన్ గిల్‌మన్ అనే బోస్టన్ మ్యూజియం అధికారి ఒక వ్యాసం రాశారు. వస్తువులను చూడటానికి సందర్శకుడు ఎన్ని రకాలుగా వంగాలో, చతికిలబడాలో ఫోటోలు తీయించి మరీ చూపించారు. మధ్యాహ్నం మూడు తరువాత భార్యాభర్తల మధ్య వచ్చే చాలా తగవులకు కారణం కాళ్ల నొప్పులేనని నా అనుభవం కూడా చెబుతుంది. పూటకు ఒక చోటు చాలు.

కోసిన చోట కొత్తది ఒకటి చేర్చండి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఏరన్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని జంటలకు చేతులు, కాళ్లు ఒక పక్క కలిపి కట్టి, చేతులతో పట్టుకోకుండా ఒక దిండును అడ్డంకి దాటించుకుంటూ పాకమన్నారు. ఏడు నిమిషాల ఆ గందరగోళం తరువాత, విసుగు పుట్టించే పని చేసిన జంటలకంటే వాళ్లు తమ బంధం పట్ల ఎక్కువ తృప్తి చూపారు. మీరు పాకనక్కరలేదు. ఇద్దరూ కలిసి ఎన్నడూ చేయనిది ఒకటి ఉంటే చాలు, అలాంటిది మీ ఉత్తరంలోనే ఉంది.

ఆ నగరంలో ఆయన ఎన్నడూ చూడని భాగం మీ ఆరు రోజులది. అందుకే మొదటి సాయంత్రం హోటల్‌కు కాకుండా ఆ పార్కుకు తీసుకువెళ్లండి. మీరు కూర్చున్న బెంచీ ఇప్పుడు ఉండకపోవచ్చు, పార్కే ఉండకపోవచ్చు. బస్టాపు దగ్గర నిలబడి అయినా సరే, ఏ వైపు నుంచి వచ్చే బస్సు కోసం చూస్తూ కూర్చునేవారో ఆయనకు చూపించండి.