లెక్కల మిషనా, గణకమా?

సందేహం: "మా నాన్నగారి హయాం నుంచీ పర్లాకిమిడిలోనే ఉంటున్నాం. చాలాకాలం లెక్కల గుమాస్తాగా చేశాను. రిటైరయ్యేటప్పుడు ఆఫీసులో మూలపడి ఉన్న చేతి మిషను ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మీటలు జరిపి హ్యాండిల్ తిప్పే రకం. దాన్ని మేం 'లెక్కల మిషను' అనేవాళ్లం, గుణకారం చేయడాన్ని 'తిప్పడం' అనేవాళ్లం. మొన్న మా మనవడు దాన్ని ఫొటో తీసి, కింద 'పురాతన గణకం' అని రాశాడు. లెక్కల మిషను అంటే మోటుగా ఉందట. పక్కింటి ఒడియా మిత్రుడేమో, అసలు లెక్క అన్న మాటే మీది కాదు, మా 'లేఖా' నుంచి పట్టుకుపోయారు అంటాడు. ఇద్దరికీ ఏం చెప్పమంటారు?"
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: అయ్యా, ముందు పక్కింటాయన సంగతి చూద్దాం. మనవడు ఎక్కడికీ పోడు.

పెరటి గోడ మీదుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన ఒకరి దగ్గర ఒకరు వంట నేర్చుకున్నారని కాదు. లిఖ్ ధాతువుకు రాయడమనే అర్థం తర్వాత అబ్బింది, మొదట ఉన్నది గీరడం, గీకడం. తాటాకు మీద గంటంతో మన తాతలు చేసిందీ గీరడమే కదా. లేఖ, రేఖ అక్కచెల్లెళ్లు. 'రలయోరభేదః' అని పెద్దలు ఊరికే అన్నారా? 'లేఖ్యం' ప్రాకృతం నోట్లో నలిగి 'లెక్ఖ' అయింది, తెలుగు నోటికి వచ్చేసరికి ఒత్తు రాలిపోయి 'లెక్క' మిగిలింది. ఏకం ఎక్కం అయింది, శూన్యం సున్న అయింది, అదే దారి. అదే ఇంటి నుంచి ఒడియా, హిందీ, మరాఠీ తమ లేఖాలను తెచ్చుకున్నాయి, కన్నడం మనలాగే లెక్కను తెచ్చుకుంది. కాబట్టి మీ మిత్రుడితో, మనిద్దరిదీ ఒకే అమ్మమ్మ అని చెప్పండి, టీ ఇప్పించండి. లక్ష్యం నుంచి లెక్క వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదం నాకు రుచించదు, అలాగని కొట్టిపారేయను.

లేఖ వైపే నేను మొగ్గడానికి శాస్త్రం సగం కారణం, మా అమ్మ సగం. బరంపురంలో మా ఇంటి గుమ్మం పక్క గోడ మీద పాల లెక్క ఉండేది. పూటకు ఒక బొగ్గు గీత. నాలుగు నిలువు గీతలయ్యాక వాటికి అడ్డంగా ఐదోది. నెలాఖరున పాలమనిషి ఎదురుగా నిలబడితే అమ్మ గీత గీతకీ వేలు ఆనిస్తూ "లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టేది. (ధాన్యం కొలిచేవాళ్లు తొలి కుంచాన్ని ఒకటి అనరు, లాభమే అంటారు. పాలకు ఆ మర్యాద అక్కర్లేదు, అయినా మా అమ్మ ఇచ్చేది.) ఒక ఏడు సంక్రాంతికి గోడలకు సున్నం వేసే మనిషి ఇరవై రోజుల పాలను ఒక్క కుంచెపోటుతో తుడిచేశాడు. ఆ నెల బాకీ నోటిమాట మీద తేలింది, ఎవరికి లాభమయిందో నాకు తెలియదు. గీత పోతే లెక్క పోయింది. ఇంతకంటే వ్యుత్పత్తి ఏం కావాలి?

రోమనులది మరో దారి. లాటిన్‌లో కాల్‌క్యులస్ అంటే గులకరాయి. రాళ్లు పేర్చి లెక్కించారు గనుక కాలిక్యులేటర్ పుట్టింది. మూత్రపిండంలో రాయికి వైద్యులు వాడే మాటా అదే. వాళ్లది రాయి, మనది గీత. చింతపిక్కలతో, గవ్వలతో మనమూ లెక్కపెట్టాం గానీ, మాటలో నిలిచింది గీతే.

లెక్కచేయకపోవడం, లెక్కాడొక్కా, కాకిలెక్క అందరూ ఎరిగినవే. మహారాష్ట్రలోని సిరొంచ వైపు "నా లెక్క చెయ్యి" అంటే "నాలాగా చెయ్యి" అని. దాని సంగతి వేరే ఉత్తరం వచ్చినప్పుడు చూద్దాం.

ఇక మనవడు. గణకం వ్యాకరణరీత్యా తప్పు కాదు. గణ ధాతువు మీద ణ్వుల్ ప్రత్యయం వచ్చి గణక అవుతుంది, లెక్కించేది అని అర్థం. కానీ అమరకోశం తెరవమనండి: "సాంవత్సరో జ్యౌతిషికో దైవజ్ఞగణకావపి". గణకుడంటే జోస్యుడు. మీ మిషను రేపటి సంగతి చెప్పదు కదా! పైగా ణ మీద ఒక్క గుడి అదనంగా పడితే గణిక అవుతుంది. ఆవిడ ఎవరో కూడా అమరమే చెబుతుంది, మనవడికి ఇప్పుడే చెప్పనక్కర్లేదు. యంత్రాలు రాకముందు ఊరి లెక్క చూసినవాడు కరణం. "సాధకతమం కరణమ్" అని పాణిని సాధనానికి పెట్టిన పేరూ కరణమే. ఆ రెండూ ఒకటే అని పట్టుబట్టను గానీ, తలుచుకుంటే ముచ్చటేస్తుంది.

నాకు కోపం తెప్పించేది గణకం కాదు, 'మోటు' అన్న మాట. అదీ పర్లాకిమిడిలో కూర్చుని! గిడుగు రామమూర్తి పంతులుగారు రాజావారి బడిలో పాఠాలు చెప్పిన ఊరు అది. జనం నోటి మాటకు పుస్తకంలో చోటు కావాలని ఆయన పోరాడింది అక్కడి నుంచే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఆ ఊరు అటు పోయినప్పుడు రాజమండ్రికి తరలివెళ్లారు. ఆయన సవరల ఇళ్ల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. సవరలు పన్నెండుతోనూ, ఇరవైతోనూ లెక్కపెడతారు. ముప్పై తొమ్మిదిని ఇరవై, పన్నెండు, ఏడు అంటారు. పంతులుగారు దాన్ని మోటు అనలేదు, వినయంగా రాసుకున్నారు. మనమేమో ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ఆ వేదిక మీదే సంగణకం, గణనయంత్రం అంటూ ఎవరూ పలకని మాటలు పుట్టిస్తాం. ఆ మాటలు పుట్టించినవారే ఇంటికెళ్లి "కాలిక్యులేటర్ ఏదిరా?" అని కేకేస్తారు.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట 'తిప్పడం'. మీ వర్ణనను బట్టి ఆ మిషను ఓడ్నర్ కోవలోది. స్వీడన్ నుంచి వెళ్లి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడిన ఓడ్నర్ 1870లలో కనిపెట్టిన పద్ధతి. మీటను ఏడు మీదికి జరిపితే లోపలి చక్రానికి ఏడు పళ్లు బయటికి పొడుచుకొస్తాయి. ఒక్క తిప్పు తిప్పితే ఆ ఏడూ వెళ్లి కింది అంకెల్లో కలుస్తాయి. 347ను 23తో గుణించాలంటే ఇరవైమూడు తిప్పులు అక్కర్లేదు. మూడు తిప్పి, కింది బండిని ఒక స్థానం జరిపి, రెండు తిప్పితే చాలు, 7981. భాగహారంలో వెనక్కి తిప్పుతూ పోతారు. తీసివేత సున్న హద్దు దాటితే గంట మోగుతుంది, ఒక తిప్పు ముందుకు తిప్పి సరిచేసుకోవాలి. తప్పు చేస్తే గంట కొట్టి చెప్పే గుమాస్తా ఏ ఆఫీసులో దొరుకుతాడు?

గుణించడానికీ దీనికీ చుట్టరికం ఉంది. గుణమంటే తాడు పేట. ద్విగుణం రెండు పేటలు, త్రిగుణం మూడు. మన ఇమ్మడి, ముమ్మడి కూడా మడతలే. మీ హ్యాండిల్ ఒక్కో తిప్పుకు ఒక్కో పేట వేస్తోంది. గుణకారం అని పలికేవాళ్లలో పేటను కళ్లారా చూసినవాళ్లు మీ తరం గుమాస్తాలే. 1972లో హ్యూలెట్ పాకార్డ్ 35 అనే కాలిక్యులేటర్ జేబులోకి వచ్చింది. ఇంజనీర్లు జరిపి లెక్కలు చూసుకునే స్లైడ్ రూలు సొరుగులోకి పోయింది, ఈ తిప్పుడూ పోయింది. ఇప్పుడు నొక్కడమే.

మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పని చేయండి. తొమ్మిదో శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యులు, అంటే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చుకున్న మహానుభావుడు, కొన్ని గుణకారాల ఫలితాలను కంఠాభరణాలు అన్నాడు. మీటలను 1, 4, 2, 8, 5, 7, 1, 4, 3 మీద నిలిపి ఏడు తిప్పులు తిప్పండి. కింద 1000000001 వస్తుంది. రెండు చివర్లా ఒక్కో కొక్కెం, మధ్యలో ఎనిమిది పూసలు. ఆ హారాన్ని ఎనిమిది అంకెల జేబు కాలిక్యులేటర్‌లో వేయమనండి. తొమ్మిదో అంకె దగ్గరే చేతులెత్తేస్తుంది.

తీర్పు అడిగారు కాబట్టి చెబుతాను. పరిభాష పట్టికలో గణకం ఉంటే ఉండనివ్వండి, తొలగించే అధికారం నాకు లేదు. జేబులోదాన్ని కాలిక్యులేటర్ అనడంలో నాకు అభ్యంతరం లేదు. చేత్తో తిప్పేదానికి మాత్రం 'లెక్కల మిషను' అన్న పేరే నాకు ఇష్టం. కుట్టుమిషను, పిండిమిషనుల పక్కన అదీ హాయిగా కూర్చుంటుంది. మిషను ఇంగ్లీషు కదా అంటారేమో. అయితే ఏం, ఆ మాటలో లెక్క కూడా ఒకప్పుడు వచ్చి చేరిందే.

ఫొటో కింద మాట మార్చాలా వద్దా అన్నది మీరూ మీ మనవడూ తేల్చుకోండి. తిప్పేముందు మాత్రం ఇరుసులో కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి. కొబ్బరినూనె వేయకండి, చలికాలానికి గడ్డకడుతుంది.