మోస్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. చర్మ క్యాన్సర్ వైద్యంలో ఫ్రెడరిక్ మోస్ లాంటి మనిషి గురించి తెలుగులో రాయాలనుకున్నావు, అక్కడికి సంతోషం. ఒక చిన్న మాట. ఆ పేరు వినగానే చాలామందికి ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు గుర్తొస్తుంది. ఆ మోస్ 1812లో స్కేలు తయారుచేసిన జర్మన్. మన మోస్ 1910లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టిన సర్జన్. ఒక వాక్యంలో ఆ తేడా చెప్పేసి ముందుకెళ్లు.

ఇక చీవాట్లు. మొదటి పేజీలో ‘మహోన్నత’, ‘అవిశ్రాంత’, ‘మానవతామూర్తి’ లాంటి మాటలు లెక్కపెడితే తొమ్మిది తేలాయి. ఆ పేజీ మొత్తంలో ఆయన తన చేతులతో ఏం చేశారో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. నేనూ ఇదే తప్పు చేశానులే. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక డాక్టరు గారి మీద పొగడ్తలు గుప్పించి వ్యాసం అచ్చేయించుకుని, ఆయనకే తీసుకెళ్లి ఇచ్చాను. ఆసాంతం చదివి, ‘బాగుంది బాబూ, ఇంతకీ నేను చేసే పనేంటో ఎక్కడా రాయలేదే’ అన్నారు. ఆ రోజు తల ఎత్తలేకపోయాను. పొగడ్త ఎవరికైనా అతుకుతుంది. చేసిన పని ఆ ఒక్కరికే అతుకుతుంది. మోస్ పని అర్థమైతే ఆయన గొప్పతనం పాఠకుడికి నువ్వు చెప్పక్కర్లేదు.

పని ఏమిటో నేనైతే ఇలా మొదలుపెడతాను. చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది బేసల్ సెల్ కార్సినోమా. పైకి చిన్న మచ్చలాగో, మానని పుండులాగో ఉంటుంది. ఒక్కోసారి చర్మం కింద సన్నటి వేళ్లు పాకిస్తుంది, అవి కంటికి కనపడవు. అందుకే సర్జన్ అంచనా వేసుకుని, చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసి తీస్తాడు. ఆ ముక్కను ల్యాబ్‌లో బ్రెడ్డు కోసినట్టు నిలువు ముక్కలుగా కోసి, కొన్నింటిని మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఇలా చూస్తే మొత్తం అంచులో ఒక శాతం కూడా కంటపడదు. వేరు ఎక్కడో రెండు ముక్కల మధ్య దాక్కుంటే? మిగిలిపోతుంది, మళ్లీ మొలుస్తుంది.

మోస్ ఏం చేశారంటే, తీసిన పొర అడుగునూ అంచులనూ ఒకే తలంలోకి తెచ్చి పరిచారు. ఆకు దొప్పను విప్పి మళ్లీ ఆకులా పరిచినట్టు అనుకో. ఆ అడుగు భాగం మొత్తాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఏ వైపు ఏదో తెలియడానికి అంచులకు రంగులు పూసి, గాయం బొమ్మ గీసి గుర్తులు పెట్టుకుంటారు. ఫలానా మూల క్యాన్సర్ మిగిలిందని తేలితే ఆ మూలే మరో పొర తీస్తారు, మిగతా చోట కత్తి పెట్టరు. కనురెప్ప, ముక్కు, చెవి దగ్గర ప్రతి మిల్లీమీటరూ విలువైనదే కదా. ఈ నాలుగు మాటలూ అర్థమైతే చదివేవాళ్లు మోస్‌ను మరిచిపోరు. నీ వ్యాసంలో దీనికి ఒక పేరా కూడా దక్కలేదు, సన్మానాలకు మాత్రం రెండు పేజీలు దక్కాయి.

ఇది ఆయనకు ఎలా తట్టిందన్నది ఇంకా మంచి కథ. 1930ల మొదట్లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆయన మెడికల్ స్టూడెంట్. జంతుశాస్త్ర ప్రొఫెసర్ మైకేల్ గయర్ దగ్గర సహాయకుడిగా చేరి, ఎలుకల కణితుల్లోకి రకరకాల రసాయనాలు ఎక్కించి ఏం జరుగుతుందో చూసేవారు. 20 శాతం జింక్ క్లోరైడ్ ద్రావణం ఎక్కించినప్పుడు కణజాలం చచ్చిపోయింది కానీ, మైక్రోస్కోప్ కింద దాని ఆకారం చెక్కుచెదరలేదు. వెతుకుతున్నది అది కాదు. అయినా వదిలేయలేదు, ఆకారం చెడకపోతే పొరను కోసి మైక్రోస్కోప్ కింద చూడొచ్చు కదా. దాన్ని పేస్టుగా చేసి 1936లో రోగులకు వాడటం మొదలుపెట్టారు, 1941లో వ్యాసంగా అచ్చు వేశారు. పేస్టు పూసి ఒక రోజు ఆగడం, చచ్చిన పొరను నొప్పి లేకుండా కోయడం, చూడటం, మిగిలిన చోట మళ్లీ పూయడం. వైద్యం రోజుల తరబడి సాగేది. పూసినప్పుడు మంట, నొప్పి కూడా ఉండేవి. అది దాచకు.

ఇక్కడే నిన్ను గట్టిగా మందలించాలి. పేస్టులో స్టిబ్‌నైట్ అనే ఖనిజం పొడి, బ్లడ్‌రూట్ అనే మొక్క కూడా ఉండేవి. నువ్వేమో ‘మూలికతో క్యాన్సర్‌ను జయించిన వైద్యుడు’ అని హెడ్డింగ్ పెట్టావు. చదవడానికి జోరుగా ఉంది, నిజం కాదు. కణజాలాన్ని చంపి, ఆకారం చెడకుండా నిలిపింది జింక్ క్లోరైడ్. క్యాన్సర్ పోయిందో లేదో చెప్పింది మైక్రోస్కోప్. ఇవాళ్టికీ ‘బ్లాక్ సాల్వ్’ పేరుతో ఇలాంటి దినుసులున్న లేపనాలు అమ్ముతున్నారు, వాటితో చర్మం కాల్చుకుని, లోపల క్యాన్సర్ అలాగే ఉండిపోయినవాళ్లున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వీటి గురించి హెచ్చరించింది. నీ హెడ్డింగ్ చూసి ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేస్తే? వైద్యం గురించి రాసేటప్పుడు నాకు ఈ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. నీకూ ఉండాలి.

కథ మలుపు తిరిగింది 1953లో. కనురెప్ప మీది క్యాన్సర్ తీయడాన్ని ఫిల్మ్ తీస్తున్నారు. పేస్టు పూసి మర్నాటిదాకా కూర్చుంటే షూటింగ్ ఆలస్యమవుతుంది. అందుకని మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పేస్టు లేకుండానే పొర తీసి, దాన్ని అప్పటికప్పుడు చలితో గడ్డకట్టించి మైక్రోస్కోప్ కింద చూశారు. పని జరిగింది! కనురెప్పల దగ్గర ఆ తర్వాత ఇదే వాడారు. కానీ మిగతా చోట్ల చాలాకాలం పేస్టునే నమ్ముకున్నారు. పేస్టు అక్కర్లేని పద్ధతి మిగతా చర్మానికీ పనికొస్తుందని లోకానికి ఒప్పించింది వేరేవాళ్లు: థియోడర్ ట్రోమోవిచ్, శామ్యూల్ స్టెగ్‌మన్ అనే చర్మ వైద్యులు, 1970ల్లో. వాళ్ల పేర్లు నీ వ్యాసంలో లేవు. నాయకుడి వెలుగు తగ్గుతుందని భయపడ్డావేమో. నాకైతే ఇక్కడే మోస్ మనిషిలా కనిపిస్తారు. తను కనిపెట్టినదాన్ని తనే పూర్తిగా నమ్మడానికి ఇరవై ఏళ్లు పట్టడం మామూలు మనుషులకు జరిగేదే. ఇంకో చమత్కారం: ఆయన జనరల్ సర్జన్, కానీ పద్ధతిని చేరదీసింది ఎక్కువగా చర్మ వైద్యులు. ఆయన దానికి పెట్టిన పేరు ‘కీమోసర్జరీ’, అంటే రసాయనంతో చేసే సర్జరీ. రసాయనం పోయాక ఆ పేరుకు అర్థమే లేకుండా పోయి, ‘మోస్ సర్జరీ’ మిగిలింది.

బాల్యం గురించిన పేరాలు కుదించు. అవార్డులు రెండు వాక్యాలకు తెచ్చేయి. 2002లో చనిపోయారని ఒక్క ముక్క చాలు, ‘దివికేగారు’ వద్దు. డాక్టరు పనినీ రచయిత పనినీ పోలుస్తూ చివర పెట్టిన పేరా కూడా కొట్టేశాను. అలాంటి పోలిక నాకూ నోరూరించింది, ఈ ఉత్తరంలోనే మూడుసార్లు ఆపుకున్నాను.

మైక్రోస్కోప్ పద్ధతి రాశాక చర్మ వైద్యుడు ఎవరికైనా ఒకసారి చూపించు. ముఖ్యంగా రంగులు, గాయం బొమ్మ గురించి రాసిన వాక్యాలు. తప్పుంటే వాళ్లే పట్టుకుంటారు. ఫిల్మ్ షూటింగ్ సన్నివేశాన్ని మొదట్లోకి తెచ్చి రెండో డ్రాఫ్టు పంపు. ఈసారి పెద్ద అక్షరాల్లో పంపు తల్లీ, నా కళ్లద్దాలు మార్చాల్సిన టైమొచ్చింది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు