ఇంజిన్ మిస్సింగ్, ఎస్టిమేటు 14,500: స్పానర్ పట్టాలా, కార్డు గీకాలా?

ప్రశ్న: మాది కావలి. 2014 పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు. వారం నుంచి ఇంజిన్ మిస్సింగ్ కొట్టి తడబడుతోంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతోంది. ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్స్ నాలుగేసి మార్చి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయడానికి మెకానిక్ 14,500 అన్నాడు. 6,000 పెట్టి టూల్స్ కొని నేనే చేసుకోనా? డబ్బు కార్డు మీద పెట్టనా, ఎఫ్‌డీ తీయనా? వచ్చే వారం తిరుపతి వెళ్లాలి.

జవాబు: ముందు తిరుపతి సంగతి. ఆ లైటు అలా కొట్టుకుంటుంటే నాయుడుపేట దాకా కూడా తోలొద్దు, బస్సెక్కండి. సిలిండర్లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఆ వేడికి అది పాడైతే ఈ 14,500 చిల్లర కిందే లెక్క.

ఇక ఎస్టిమేటు. నాలుగు కాయిల్సూ ఒకేసారి పోవడం అరుదండీ. ఏ సిలిండరు అని అడిగారా? అడిగి ఉండరు. బండి లోపాల కోడ్ చదివి ఫోన్లో చూపించే చిన్న స్కానర్ వెయ్యి లోపే దొరుకుతుంది, మీరు కొనాల్సిందల్లా అదీ, ఒక ప్లగ్గు స్పానరూ. పీ0302 అని కోడ్ వస్తే రెండో సిలిండరు. మీ ఇంజిన్‌లో ప్లగ్గుకొక కాయిల్ ఉంటే, రెండో దాని కాయిల్ మూడో దానికి మార్చి, కోడ్ చెరిపి, నిలబెట్టిన చోటే కాసేపు స్టార్ట్ చేసి చూడండి. కోడ్ పీ0303కి మారిందా, పోయింది ఆ ఒక్క కాయిలే. మారలేదా, ప్లగ్గుతోనూ ఇలాగే చేయండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టరో కంప్రెషనో (సిలిండర్లో ఒత్తిడి), ఇక మీరు చేయి పెట్టొద్దు.

ఒక్క మాట, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి. నేను ఒకసారి నెల్లూరులో మా అపార్ట్‌మెంట్ కింద వేడి మీదే విప్పితే అల్యూమినియం హెడ్‌లో (ఇంజిన్ పైభాగం) ప్లగ్గు బిగించే మరచుట్లు ప్లగ్గుతోపాటే ఊడొచ్చాయి, 300 కూలీ మిగుల్చుకోబోయి 4,500 కట్టాను, ఆ ఆదివారం మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయలేను.

కార్డు బిల్లు గడువులోపు మొత్తం కట్టగలిగితే గీకండి, తప్పులేదు. మినిమం కట్టి నెట్టుకొద్దామనుకుంటే మాత్రం వద్దు, చాలా కార్డుల్లో నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది, ఏడాదికి అది 40 దాకా పోతుంది. ఎఫ్‌డీ ముందే తీస్తే, ఉంచిన కాలానికి వర్తించే వడ్డీలో మామూలుగా అర శాతమో ఒక శాతమో కోస్తారు. కొంత భాగమే తీసే వీలుందేమో బ్యాంకులో అడగండి. పన్నెండేళ్ల నాటి మోడల్ బండికి నెలకో వెయ్యి ఆర్‌డీ కడుతూ ఉంటే వచ్చేసారి ఈ టెన్షన్ ఉండదు.

మెకానిక్‌తో గొడవ పెట్టుకోకండి. కోడ్ చూపించి, ఈ ఒక్క కాయిల్ ఎంత, కూలీ ఎంత అని విడివిడిగా అడగండి, తీసిన పాతది మీ చేతికిమ్మనండి.