తప్పు పట్టమనే డబ్బిచ్చేది

సందేహం: మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. వచ్చే నెల టొరంటో ప్రయాణం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, నోరు తెరవాలంటే టెన్షన్. ఆన్‌లైన్ ట్యూటర్‌కి డబ్బు పెట్టొచ్చా అన్నా?

పెట్టు తమ్ముడూ. కానీ ఆర్నెల్ల ప్యాకేజీ ఒక్కసారే కొనకు. టొరంటో వెళ్ళిన కొత్తలో నేను కొన్నాను. ట్యూటరమ్మ చాలా మంచిది. నేనేం మాట్లాడినా ‘వెరీ గుడ్’ అనేది. మా అమ్మ పెట్టే ఆవకాయ మీదే నాలుగు క్లాసులు గడిచిపోయాయి. ఈలోగా ఆఫీసు మీటింగులో ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అన్నాను. మన దగ్గర డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. అక్కడేమో నమ్మకం కుదరడం లేదని. మేనేజర్ మొహం ముడుచుకుంది, ఎందుకో నాకు తెలీలేదు. ఆ మాట ట్యూటరమ్మ దగ్గర పదిసార్లైనా అనుంటాను. ఒక్కసారీ ఆపలేదు.

రెండో ట్యూటర్ మొదటి పది నిమిషాల్లోనే ఆపాడు. ‘క్వశ్చన్’ అనమన్నాడు. కాలేజీ నుంచి ‘పాస్ అవుట్’ అయ్యానంటే, స్పృహ తప్పిందా అని నవ్వాడు. తర్వాత కెమెరా దగ్గరికి జరగమని ‘వ’ దగ్గర పట్టుకున్నాడు. మనకున్నది ఒకటే వ. ‘వెస్ట్’ అని తెలుగులో రాస్తే పడమరో, చేతుల్లేని కోటో తెలీదు కదా! పడమరకి పెదాలు గుండ్రంగా చుట్టాలి, కోటుకి పై పళ్ళు కింది పెదవికి తగలాలి. వారం రోజులు అద్దం ముందు ఇదే పని. ఒడియా బడి అలవాటుతో నీకు ‘వెరీ’ కాస్తా ‘భెరీ’ అవుతుందేమో, అదీ చూడమను.

గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో సవర అనే గిరిజన భాష నేర్చుకున్నదీ ఇలాగే. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. మనకి అలాంటి మనిషి ఐటాకీ, ప్రెప్లీ లాంటి ట్యూటర్ల వెబ్‌సైట్లలో గంటల లెక్కన దొరుకుతాడు. రేటు ఎవరిది వాళ్ళే పెట్టుకుంటారు కాబట్టి ముగ్గురి దగ్గర ఒక్కో ట్రయల్ క్లాసు తీసుకుని చూడు. మొదటి మాటే ‘తప్పు రాగానే ఆపండి’ అని చెప్పు. ఆపనివాణ్ణి వదిలేయ్. హాబీల కబుర్లు వద్దు. ఇల్లు అద్దెకి అడగడం, బ్యాంకులో ఖాతా తెరవడం, నీ పని గురించి చెప్పుకోవడం, ఇవి పట్టుకెళ్ళు.

వేళలు చూసుకో. వేసవిలో టొరంటోలో రాత్రి 8 అంటే మనకి తెల్లవారి 5:30. ఫిలిప్పీన్స్ వాళ్ళు మనకంటే రెండున్నర గంటలే ముందు, సాయంత్రాలు దొరుకుతారు. అయినా వారానికి ఒక్కటైనా కెనడా మనిషితో పెట్టుకో, చెవికి ఆ యాస పడాలి.

శలవు మీద వచ్చాను, పదో తారీకు దాకా పర్లాకిమిడిలోనే ఉంటాను. గుణుపురంలో రైలెక్కి రా. ఇల్లు అద్దెకి అడుగుదువుగాని, ఓనర్ని నేను.