తక్కువ తిరిగిన బండే, కానీ...

ప్రశ్న: 2011 మోడల్ బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 14,000 కిలోమీటర్లే తిరిగింది. ముందు ఏం మార్పించాలి?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: మీటరు చూసి మురిసిపోకండి బాబూ, టైర్లు చూడండి. పక్కన అచ్చులో చివరి నాలుగంకెలు 1211 అని ఉంటే 2011లో 12వ వారం తయారైనట్టు. టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా పీకించేయండి. రబ్బరుకు కిలోమీటర్లతో కాదు, వయసుతో పని. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లయితే డిక్కీలో స్టెప్నీ వెతక్కండి, ఉండదు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, మీదేమో సముద్రపు ఒడ్డు. రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఇంజన్ ఆయిల్ ఏడాదికోసారి. విజయనగరంలో మా షెడ్డుకూ ఇలా కవరు కప్పి దాచిన బళ్లు వస్తుంటాయి, చూస్తే ఒళ్లు మండుతుంది! వారానికోసారి శ్రీకాకుళం దాకా తిప్పండి. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో నీళ్లు నిలిచి లోపల్నుంచే తుప్పు పడుతుంది.